చెంగిచెర్లలో నాలుగు ప్లాట్లు

నవంబర్ 20, 2011

ఇది నా కూతురు దీప పనిచేసే మందుల కంపెనీ డైరీ. ప్రతి పేజీ అడుగున ఒక మందు పేరు అచ్చేశారు. ఈ పేజీకి అజీర్తి మాత్ర వచ్చింది. ఏడాది అయిపోవస్తోంది, ఇంకెవరికి పనికొస్తుందిలే అని నాకిచ్చింది. తేదీలు కొట్టేసి నావి వేసుకుంటున్నాను. ముప్పై ఏళ్లు బడిపిల్లల చేత వ్యాసాలు రాయించాను గానీ, నాకోసం నాలుగు వాక్యాలు రాసుకున్న పాపాన పోలేదు.

ఇప్పుడెందుకంటే, ఆయనతో చెప్పలేని మాటలు ఎక్కువైపోతున్నాయి.

ఆయన జిల్లా జడ్జిగా రిటైరై ఏడాదిన్నర. ఆగస్టులో ఢిల్లీ వెళ్లి ట్రిబ్యునల్ సభ్యుడి పోస్టుకు ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చారు. పెద్ద జడ్జిగారు పెట్టిన కమిటీ. ఇక్కడి బెంచికి ఆయన పేరే మొదటిదిగా పంపారని మా ఇంటికి వచ్చిపోయే జూనియర్ లాయరు నరేందర్ కబురు మోసుకొచ్చాడు. కమిటీ పేరు పంపుతుంది, ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది. పంపడానికీ ఇవ్వడానికీ మధ్య ఎన్నాళ్లుండాలో మాత్రం ఎక్కడా రాయలేదట.

అరవై రెండు నిండేలోపు కుర్చీలో కూర్చోవాలి. ఆయనకు జూలై ఒకటితో నిండుతాయి. అది కూడా నిజం పుట్టినరోజు కాదు. బతుకమ్మ పండుగ వెళ్లిన వారానికి పుట్టాడని మా అత్తగారు చెప్పేది. ఉప్పల్ బడిలో పంతులుగారు ఆ ఏడు చేరిన పిల్లలందరినీ జూలై ఒకటినే పుట్టించేశాడు. ప్రభుత్వానికి పంతులే ప్రమాణం.

ఆయన ఎదురుచూస్తున్నారు. ఎదురుచూడటం లేదని నాతో చెబుతున్నారు. రెండూ నమ్మడం నా వంతు.

నవంబర్ 27

నల్లకోటు డ్రైక్లీనింగ్‌కు ఇచ్చారు. లేకపోతే పురుగు పడుతుందట.

డిసెంబర్ 6

ఈరోజు సంతోషంగా ఉంది, అందుకని వివరంగా రాస్తాను.

ఆయన రామంతాపూర్‌లో పాత స్నేహితుడిని చూడ్డానికి వెళ్లారు. పదకొండు గంటలకు ఒకతను వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, చంకలో రెక్సిన్ సంచి. తిన్నగా మా ఇంటికి రాలేదు. ఎదురింటి అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న కిష్టమ్మత్త దగ్గర ఆగి అడగడం మొదలుపెట్టాడు. ఎదురింటి పెద్దాయన ఎలాంటివాడు, ఇల్లు సొంతమేనా, తాగుడు అలవాటుందా, కేసులేమైనా ఉన్నాయా, ఆస్తులెక్కడ ఉన్నాయి.

మా సందులో ఈ ప్రశ్నలు ఒకదానికోసమే వస్తాయి. దీపకు ఇరవై ఏడు. దసరా నుంచి నలుగురికీ చెప్పి పెట్టాం. సంబంధం అడిగేముందు పిల్లనిచ్చే ఇల్లు ఎలాంటిదో ఎదురింట్లో విచారించుకోవడం ఇక్కడి పద్ధతి.

కిష్టమ్మత్తకు డెబ్బై అయిదేళ్లు. ఆయన చిన్నమ్మ అంటారు గానీ రక్తసంబంధం లేదు. వాళ్ల పొలం, మా మామగారి పొలం గట్టు కలిసి ఉండేవి. రెండూ నాచారం ఫ్యాక్టరీల కిందికి పోయాయి. ఈ సందులో ముగ్గురాడపిల్లల పెళ్లిళ్లు ఆమె నోటి చలవ వల్లే అయ్యాయి. ఆమె అబద్ధం చెప్పదు, ఉన్నది పెంచి చెబుతుంది.

"తాగుడా? మా బిక్షపతి సోడ తాగాల్నన్నా పెండ్లాన్ని అడిగి తాగుతడు" అంది.

"ఆస్తులేమైనా ఉన్నాయా అవ్వా?"

"ఆస్తులకేం తక్కువ బిడ్డా! చెంగిచెర్లల నాలుగు ప్లాట్లున్నయి. జడ్జి నౌకరంటే మాటలా?"

మాకున్నది ఒకటి. రెండు వందల గజాలు, నిండా రాళ్లు, సర్కారు తుమ్మ ముళ్లు. అదీ పడమర ముఖం, సందు మధ్యలో. తూర్పు వైపు కార్నర్ బిట్టు తీసుకుందామని అప్పట్లో ఎంత మొత్తుకున్నా ఆయన వినలేదు.

నేను వంటింట్లో ఉన్నాను. పొయ్యి మీద పప్పు ఉంది. కొన్ని మాటలు వినిపించాయి, కొన్ని వినిపించలేదు. అతను చిన్న పుస్తకం తీసి ఆకుపచ్చ మూత ఉన్న పెన్నుతో రాసుకున్నాడు. వెళ్లేముందు మంచినీళ్లు అడిగితే ఇచ్చాను. దీప పేరు మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. ఎంత మర్యాదస్తుడో, ఆడపిల్ల పేరు వీధిలో పలకకూడదని తెలిసినవాడు అనుకున్నాను.

ఆయనకు చెప్పలేదు. ఇంతకుముందు రెండు సంబంధాలు తప్పిపోయినప్పుడు రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. ఖాయమయ్యాక చెబుదాం.

డిసెంబర్ 13

ఆ పెళ్లివాళ్ల కబురు లేదు.

డిసెంబర్ 19

ఆయన ఎక్కడికో చెప్పకుండా వెళ్లి, మూడింటికి వచ్చి, అన్నం ముందు కూర్చుని చెప్పారు. ఆ ట్రిబ్యునల్ హాలు చూసొచ్చారట.

రెండేళ్లుగా ఆ కుర్చీ ఖాళీ. అయినా పొద్దున పదిన్నరకు బంట్రోతు రోజూ కుర్చీ తుడుస్తాడట. గుమాస్తా ఒక్కో కేసు పేరు చదివి వాయిదా తేదీ చెబుతాడు, జనం రాసుకొని వెళ్లిపోతారు. కొమురెల్లి అని ఒక ముసలాయన, పెన్షన్ కేసు, జనగామ అవతల నుంచి వస్తాడు. ఈయన తెల్లచొక్కా చూసి లేచి నిలబడి దండం పెట్టాడట.

"'కొత్తగొచ్చిన సారు మీరేనా' అని అడిగిండు స్వర్ణా."

"మీరేమన్నరు?"

"ఇంకా కాలేదన్న."

అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయారు. మా మామగారు పోయిన భూమికి పరిహారం కోసం పదకొండేళ్లు కోర్టు చుట్టూ తిరిగారు. తీర్పు వచ్చేసరికి ఆయన లేరు. ఈయన లా చదివింది అందుకే. పెళ్లయిన కొత్తలో చెప్పారు, మళ్లీ ఇన్నేళ్లకు ఇవాళ చెప్పారు. కొమురెల్లిది వచ్చే వాయిదా ఏప్రిల్లోనట. అప్పటికి తను కుర్చీలో ఉంటానని ఆయన అనలేదు. అనకపోయినా నాకు వినిపించింది.

దేవుడా, ఈ ఒక్కటి ఆయనకు ఇప్పించు.

జనవరి 24, 2012

నరేందర్ వచ్చాడు. ఢిల్లీ నుంచి పోలీసు విచారణకు ఎవరైనా వచ్చారా అని అడిగాడు. ఆ మనుషులు యూనిఫాం వేసుకోరట, ఇరుగుపొరుగును మాటల్లో పెట్టి అడిగి పోతారట.

రాలేదన్నాను. నిజమే, అలాంటివాళ్లెవరూ రాలేదు. డిసెంబర్లో వచ్చింది పెళ్లివాళ్ల మనిషి.

ఫిబ్రవరి 11

పెళ్లివాళ్ల మనిషే.

మార్చి 15

పనిలేని జడ్జి ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో ఏ పుస్తకంలోనూ రాయలేదు. నీళ్ల ట్యాంకర్ దగ్గర ఎవరి బిందె ముందు అనే తగాదాలో పొద్దున ఆయన ఇరుపక్షాలనూ విని తీర్పు చెప్పేలోపు ట్యాంకర్ వెళ్లిపోయింది. సందులో ఒక్కరికీ నీళ్లు లేవు. కిష్టమ్మత్త తన ఇంటి నుంచి రెండు బిందెలు పంపింది.

సాయంత్రం బీరువా తెరిచి చూస్తే, కోటుకున్న ప్లాస్టిక్ కవరు ఎవరో విప్పి మళ్లీ తొడిగినట్లుంది. అడగలేదు.

ఏప్రిల్ 18

ఉత్తరం వచ్చింది. ఉత్తర్వు కాదు.

నరేందర్ చదివాడు, ఆయన కళ్లు మూసుకుని విన్నారు. స్థానిక విచారణలో ఆయనకు చెంగిచెర్లలో నాలుగు ప్లాట్లు ఉన్నట్లు, అందులో ఒకటి తూర్పు ముఖం కార్నర్ బిట్టు అయినట్లు తెలిసిందట. ఆస్తుల ప్రకటనలో ఒకటే చూపించారట. ఈ తేడాకు, చుట్టుపక్కలవాళ్లు అలా చెప్పడానికి కారణమేమిటో, చెప్పినవాళ్లెవరో వివరిస్తూ పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

ఆయన ఉత్తరం అందుకుని ఒక వాక్యం దగ్గర ఆగి, రెండోసారి చదివారు. తర్వాత నన్ను అడిగారు.

"ఎవరన్న వచ్చిన్రా ఇంటికి?"

అప్పుడు చెప్పాను. డిసెంబర్లో ఒకతను వచ్చాడని, సంబంధం కోసమనుకున్నామని.

"నాలుగు ప్లాట్లని ఎవరన్నరు?"

"కిష్టమ్మత్త. నేను వంటింట్ల ఉన్న."

నరేందర్ తొడ చరుచుకున్నాడు. "ఇంక ఫికర్ లేదు సార్! పిల్ల సంబంధమనుకొని గట్ల చెప్పిన, అబద్ధమాడిన అని ఆ అవ్వతోని కాగితం రాయించి ఏలుముద్ర పెట్టిద్దాం. పదిరోజులల్ల ఫైలు నడుస్తది."

"డెబ్బై అయిదేండ్ల మనిషితోని నేను అబద్ధాలకోరునని రాయించి, ఢిల్లీకి పంపుతవా?" అన్నారు ఆయన. గొంతు పెంచలేదు. "మా నాయిన కోర్టుకు పోయిన ప్రతి వాయిదాకు సద్ది కట్టిచ్చింది ఆమెనే. పదకొండేండ్లు."

నరేందర్ నా వైపు చూశాడు. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఏప్రిల్ 19

కిష్టమ్మత్త నోటికి తాళం లేదు. ఎప్పుడూ లేదు. ఒకటి ఉంటే ఒకటనాలి. రెండన్నా సర్దుకునేవాళ్లం. నాలుగు! ఆమెకేం పోయింది? ఆయన జీవితమంతా పైసా లంచం ముట్టకుండా బతికితే, ఒక ముసలామె చిక్కుడుకాయలు ఒలుస్తూ నాలుగు నిమిషాల్లో దొంగను చేసింది.

పెన్ను నొక్కి రాస్తే కాగితం చిరిగింది. పేజీ కింద రక్తపోటు మాత్ర పేరుంది.

ఏప్రిల్ 22

ఆయన ఒప్పుకోకపోయినా నేనే అడుగుదామని కిష్టమ్మత్త ఇంటికి వెళ్లాను. నరేందర్ చెప్పినట్లు రాసిన కాగితం చీర కొంగులో పెట్టుకున్నాను. ఆమె మామిడికాయ తొక్కు పెడుతోంది.

"రా బిడ్డా, కూసో. మొదటి జాడీ మీకే. బిక్షపతికి కారం తక్కువేసిన" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆనాడొచ్చినోళ్లు మల్ల రాలేదా? ఎంత గొప్పగ చెప్పిన నేను! దీపకు గా సంబంధం కావాల్సుండె" అని నొచ్చుకుంది.

జాడీ తెచ్చుకున్నాను. కాగితం కొంగులోనే ఉంది.

ఏప్రిల్ 23

నేను వంటింట్లో ఉన్నాను.

ఏప్రిల్ 30

ఆయన సంజాయిషీ రాసి, అంటించి, తనే ఉప్పల్ పోస్టాఫీసుకు వెళ్లి రిజిస్టర్ చేసి వచ్చారు. ప్రతిదీ నాకు చదివి వినిపించే మనిషి. ఇది వినిపించలేదు. అక్షరదోషాలు చూడనా అంటే, లేవులే అన్నారు.

మే 21

ఎండలు. రోజూ కరెంటు పోతోంది. ఆయన వరండాలో కూర్చుని విసనకర్రతో నాకు విసురుతారు, నేను వద్దంటాను. జూలై ఒకటికి నలభై రోజులు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనం.

జూన్ 12

ఢిల్లీ నుంచి ఇంకో కవరు. చదివి బీరువాలో పెట్టారు. ఏమని రాశారంటే "పరిశీలనల ఉన్నదట" అన్నారు. తర్వాత నన్ను పిలిచి కూర్చోబెట్టి, నా కాళ్ల పగుళ్లు చూసి, చెప్పులేసుకోకుండా మేడ మీద తిరుగుతున్నానని కోప్పడ్డారు. ఎందుకో ఏడుపొచ్చింది.

జూన్ 28

ఉత్తర్వు వచ్చింది. మొదటి పేరు వదిలేసి, నిరీక్షణ జాబితాలో ఉన్న మరొకరిని వేశారు. నరేందర్ ఫోన్లో చెబుతుంటే ఆయన "మంచిది, మంచిది" అన్నారు. ఫోన్ పెట్టేశాక చెట్లకు నీళ్లు పోశారు. వాన పడుతోంది.

జూలై 1

ఇవాళ పంతులుగారి లెక్కన ఆయనకు అరవై రెండు నిండాయి. పొద్దున పాయసం చేశాను. తిన్నారు, బాగుందన్నారు, ఇంకో గరిటె అడిగారు. అంత మామూలుగా ఉంటే నేను తట్టుకోలేకపోయాను.

ఏడు నెలలుగా ఈ పుస్తకంలో కూడా రాయని మాట ఇప్పుడు రాస్తున్నాను. నేను వంటింట్లో లేను. మా గుమ్మంలో, కర్టెన్ పక్కన నిలబడి ఉన్నాను. కిష్టమ్మత్త నాలుగు ప్లాట్లు అన్నప్పుడు నవ్వొచ్చింది, సంతోషం కూడా వేసింది. అతను నా వైపు తిరిగి "అవునామ్మా?" అని అడిగాడు. కాదనడానికి ఒక్క క్షణం చాలు. నేను అవునన్నాను. అది చాలక, "అందుట్ల ఒకటి కార్నర్ బిట్టు, తూర్పు ముఖం" అన్నాను. ఇరవై ఏళ్లుగా కోరుకున్న కార్నర్ బిట్టు ఆ నిమిషంలో కొనేశాను. నా కూతురు గొప్పింటి పిల్ల అనిపించుకోవాలని. పైగా అతనికి లడ్డూ పెట్టాను.

ఇదంతా పాయసం గిన్నె చేతిలో పట్టుకుని ఆయనకు చెప్పేశాను. ఆయన తలెత్తలేదు.

"నాకెర్కనే" అన్నారు.

"ఎప్పటిసంది?"

"ఉత్తరం వచ్చిన్నాటిసంది. చిన్నమ్మకు కార్నర్ బిట్టంటే ఏందో ఎర్కనా? ఆమెకు పొలం గట్టు తెలుసు. తూర్పు ముఖం కావాల్నని ఇరవై ఏండ్లు నా పానం తీసింది ఎవరు?" నవ్వు దాచుకుంటూ అన్నారు. "మల్ల వంటింట్ల ఉన్ననంటివి. వంటింట్లకెల్లి చిన్నమ్మ అరుగు కనవడదు. ముప్పై ఏండ్లు సాక్షులను చూసినోన్ని. నా ఇంటి సాక్షిని గుర్తువట్టనా?"

బీరువాలోంచి ఫైలు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఏప్రిల్లో పంపిన సంజాయిషీ నకలు. ప్లాటు కాగితాలు, రిజిస్ట్రేషన్ ఆఫీసు ధ్రువపత్రం, అన్నీ జతచేశారు. చివర రెండు వాక్యాలు: "నాకు ఉన్నది ఒకే ప్లాటు. తక్కినవి నా మేలు కోరినవారు ప్రేమతో అన్న మాటలు. వారెవరో చెప్పమని నన్ను అడగవద్దని మనవి."

దాని కింద జూన్ కవరు. చెప్పినవారి పేర్లు లేనందున సంజాయిషీ అసంపూర్ణమని, ఆమోదించలేమని రాసి ఉంది.

"నన్నెందుకు అడగలె? నేను చెప్పినట్టు రాస్తే అయిపోతుండె గద?"

"అడిగిన గద, ఏప్రిల్ల. వంటింట్ల ఉన్ననంటివి." ఫైలు తీసుకుని దారం కట్టారు. "నువ్వే వచ్చి చెప్తవేమోనని పన్నెండు రోజులు ఆగిన. నీ అంతల నువ్వు చెప్తే రాస్తుంటి. చెప్పలేకపోతున్నవని సమజైనంక, నిన్ను నిలదీసి ఆ కాగితం పట్టుకపోయి కుర్చీల కూసోబుద్ధి కాలె."

గట్టిగా ఏడ్చాను. ఆయన నా చేతిలో గిన్నె తీసి పక్కన పెట్టారు.

"ఇటు సూడు. సంతకం పెట్టొద్దనుకున్నోనికి ఏదో ఒక సాకు కావాలె. నాలుగు ప్లాట్లు లేకుంటే ఇంకోటి దొరుకుతుండె. సర్కారు జేసిన పనికి గంత పేరు నువ్వు తీసుకోకు."

ఇది నిజమో, నా కోసం అన్నారో నాకు తెలియదు. ఈ ముప్పై నాలుగేళ్లలో ఆయన నన్ను ఓదార్చడానికి అబద్ధం చెప్పడం ఎరగను. ఇదే మొదటిది కావచ్చు. ఆయన కుర్చీ నేను పోగొట్టాను. ఆయన నన్ను పోగొట్టుకోలేదు. నాకు ఈయనంటే ఎంత ప్రేమో ఏనాడూ నోటితో చెప్పలేదు, ఇవాళ చెప్పాను. సిగ్గుపడి పేపరు అడ్డం పెట్టుకున్నారు.

జూలై 5

నరేందర్ నోరు జారాడు. కిష్టమ్మత్తకు తెలిసిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని వచ్చి మా గుమ్మంలో కూలబడింది. "నీ నౌకరి నేనే తిన్న కొడుకా! నన్ను ఢిల్లీకి తోల్కపో, ఆ సర్కారు ముంగట నా చెంపలు నేనే వాయించుకుంట" అని ఒకటే ఏడుపు.

ఆయన కింద ఆమె పక్కనే కూర్చున్నారు. "నీ కొడుక్కు నాలుగు ప్లాట్లుండాలనుకున్నవు. తప్పేమున్నది చిన్నమ్మా? మా నాయిన గూడ అనుకోలే గంత."

కార్నర్ బిట్టు సంగతి నేను చెప్పాను. ఆమె ఏడుపు ఆపి, నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు నాకన్న ఎక్కువున్నవు గదనే!" అంది. ముగ్గురం కలిసి టీ తాగాం.

జూలై 8

కోటు నరేందర్‌కు ఇచ్చేశారు. భుజాల దగ్గర వాడికి వదులు.

జూలై 16

ఆయన పొద్దున్నే ట్రిబ్యునల్‌కు వెళ్లారు. కొత్త సభ్యుడు చేరారట, కొమురెల్లి కేసు పిలిచారట. ఈయన వెనక బెంచీలో ముసలాయన పక్కన కూర్చుని, ఏం జరుగుతోందో చెవిలో చెబుతూ ఉన్నారట. వాదనలు విన్నారు, తీర్పు వచ్చే నెల.

"కొత్తాయన ఎట్లున్నడు?" అన్నాను.

"ఓపికతోని ఇంటుండు. మంచోడే" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. చారులో ఇంకో చుక్క నెయ్యి వేశాను.

జూలై 22

ఆదివారం. ఇవాళ జరిగింది రాయకుండా ఉండలేను.

పదకొండు గంటలకు స్కూటర్ మీద ఒక పెద్దమనిషి వచ్చాడు. తిన్నగా కిష్టమ్మత్త అరుగు దగ్గర ఆగాడు. ఎదురిల్లు ఎలాంటిది, వాళ్లు ఎలాంటివాళ్లు అని మొదలుపెట్టాడు. కిష్టమ్మత్త చేతిలో చేట పక్కన పెట్టి, నెత్తి మీద కొంగు సర్దుకుని, బోనులో సాక్షిలాగా లేచి నిలబడింది.

"ఉన్నది ఉన్నట్టు చెప్త, రాసుకో. చెంగిచెర్లల ఒక్కటే ప్లాటు. నిండ రాళ్లు. సారుకు నౌకరి లేదు, ఇంక రాదు. పొద్దున పేపరు సదువుకుంట ఒక్కడే లొల్లి పెడ్తడు. టీచరమ్మ మంచిదే గని నోరు ఆగది. పిల్లకు జర కోపమెక్కువ."

నేను పరుగెత్తుకుంటూ వెళ్లాను. "పడమర ముఖమండి. కార్నర్ బిట్టు గూడ గాదు. సందు నడుమ. కాగితాలు చూపెడ్త, రాండ్రి."

పెద్దమనిషి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, హెల్మెట్ రెండు చేతులతో పట్టుకుని అన్నాడు. "నేను ప్లాటు కొననీకి రాలేదమ్మా. మా తమ్ముని కొడుకున్నడు, చర్లపల్లిల ఇంజనీరు. మీ దీప సంగతి అడుగుదామని..."

కిష్టమ్మత్తా, నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడు మా ఇంటి కిటికీలోంచి నవ్వు వినిపించింది. ఆయన నవ్వు. పేపరు కింద పడేసి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఊపిరాడనట్టు నవ్వుతున్నారు. ఆ నవ్వు విని ఏడు నెలలైంది. అక్కడే సందు మధ్యలో నిలబడి విన్నాను.

పెద్దమనిషిని లోపలికి పిలిచాం. పప్పు పూర్తిగా మాడిపోయింది. ఈసారి నిజంగానే పొయ్యి మీద ఉండింది.